వెనకవైపు రాసిన పేర్లు

కాలేజీలో పాత రికార్డుల గది ఎక్కడని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. పెట్టెలక్క గది ఎక్కడని అడిగితే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ కూడా కుర్చీలోంచి లేవకుండానే చెయ్యెత్తి చూపిస్తాడు. లైబ్రరీ వెనక మెట్లెక్కాలి, విరిగిన బెంచీలు పేర్చిన వరండా దాటాలి, కుడివైపు చివరి తలుపు. లోపల నాలుగు గోడలకీ ఇనప అరలు, అరల నిండా అట్టపెట్టెలు, వాటి మధ్య ఇరుక్కున్నట్టు ఒక బల్ల, ఒక కుర్చీ. కుర్చీలో ఆవిడ. యాభై ఏడేళ్లు. జుట్టు సగం తెల్లబడింది. కళ్లజోడు దారంతో మెడకి వేలాడుతూ ఉంటుంది. తన గురించి చెప్పుకోడానికి ఏమీ లేదని ఆవిడే అంటుంది, కానీ ఆ మాట మనం పట్టించుకోనక్కర్లేదు.

ఆ పెట్టెల్లో ఉన్నది కాలేజీ చరిత్ర అనుకుంటే పొరపాటే. చరిత్ర ప్రిన్సిపాల్ గారి గదిలో గాజు బీరువాలో ఉంది, బంగారు అక్షరాల బైండుతో. ఇక్కడున్నది పిల్లలు పెట్టుకున్న సంఘాల సరంజామా. వక్తృత్వ సంఘం, నాటక సంఘం, చదరంగం సంఘం, సైకిళ్ల సంఘం, గోడపత్రిక కమిటీ, తాడులాగే జట్టు. వాళ్ల మినిట్స్ పుస్తకాలు, ఎన్నికల పోస్టర్లు, ఒకళ్లనొకళ్లు తిట్టుకున్న కరపత్రాలు, ఫోటోలు. వక్తృత్వ సంఘం వాళ్లు ఒక ఏడాది మొత్తం సమావేశాలు పెట్టి, ప్రతిసారీ సభ్యులు చాలక వాయిదా వేసి, ఆ వాయిదాల్ని మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. తెల్లవారుజామున లేచేవాళ్ల సంఘమని ఒకటి పుట్టింది. దాని పుస్తకంలో రెండే పేజీలు. మొదటి పేజీలో ఆశయాలు. రెండో పేజీలో, రెండో సమావేశానికి ఎవరూ లేవలేదు గనక సంఘం రద్దు అని కార్యదర్శి సంతకం. ఆయనెలా లేచాడో మరి, తెలియదు.

ఇవన్నీ చదివి ఒకప్పుడు పెట్టెలక్క ఒక్కతే కూర్చుని పకపకా నవ్వేది. సాయంత్రం ఇంటికి వెళ్లి మొగుడికి చెప్పి మళ్లీ నవ్వేది. ఆయన అదే కాలేజీలో ఎలక్ట్రీషియన్. తరగతి గదుల్లో ఫ్యాన్లు బాగుచెయ్యడం ఆయన ఉద్యోగం. ఆడిటోరియంలో లైట్లు వెయ్యడం మాత్రం ఆయన ప్రాణం. నాటకమైనా, పాటల పోటీ అయినా, ఆఖరికి సంఘాల వార్షికోత్సవం ఫోటో అయినా, నిచ్చెనెక్కి దీపం ఇటు తిప్పి అటు తిప్పి, ఎవరి మొహం మీదా నీడ పడకుండా చూసి గానీ దిగేవాడు కాదు. పిల్లలు లైట్ల మావయ్య అనేవాళ్లు. ముప్ఫై ఏళ్లలో ఆ వేదిక మీద నిలబడ్డ ప్రతి మొహమూ ఆయన వేసిన వెలుగులోనే ఫోటోలోకి వెళ్లింది. ఆయన మాత్రం ఏ ఫోటోలోనూ లేడు. దీపం వెనక ఉన్నవాడు ఫోటోలో ఎలా పడతాడు?

ఒక్కదాంట్లో పడ్డాడు. ఒకసారి నాటకం అయిపోయాక పిల్లలు బలవంతాన దీపం ముందుకి లాక్కొచ్చి నిలబెట్టి తీశారు. దాని సంగతి తర్వాత.

ఇంట్లో ఆవిడ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. ఏవండీ, ఇదిగో, వినబడుతోందా. ఈ మూడింటితోనే ముప్ఫై ఏళ్ల కాపురం సజావుగా సాగిపోయింది.

గదిలో మూలనున్న గాజుబల్ల ఆయన చేసిచ్చిందే. చెక్కపెట్టె, లోపల రెండు ట్యూబులైట్లు, పైన పాలరంగు గాజుపలక. దాని అవసరం ఏమిటంటే, పాత గ్రూపు ఫోటోల్లో ఎవరెవరో చెప్పగలిగిన మనిషి ఎప్పుడో గాని దొరకడు. ఎవరో పాత విద్యార్థి వస్తాడు, ఫోటో చూసి ఒక్కొక్కరినీ గుర్తుపడతాడు, వెళ్లిపోతాడు. ఆ పేర్లు ఫోటో ముందు రాయకూడదు, వెనక రాయాలి. వెనక రాస్తే ఏ పేరు ఏ మొహానిదో ఎలా తెలుస్తుంది? అందుకని ఆవిడ ఫోటోని గాజుబల్ల మీద బోర్లా పెట్టి స్విచ్ వేసేది. కింది వెలుగుకి మొహాలు కాగితంలోంచి లీలగా కనిపిస్తాయి. ఏ మొహం వెనక ఆ పేరు, మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా. ఆయన ఈ బల్ల చేసిచ్చిన రోజున ఆవిడ పొంగిపోయి లైబ్రేరియన్‌కి కూడా టీ తెప్పించింది.

వెనక పేర్లు రాయడం సగం పని. రెండో సగం కార్డు. ఒక్కో ఫోటోకి ఒక్కో కార్డు, దాని మీద "నిలబడినవారు, ఎడమ నుంచి కుడికి" అని వరసగా పేర్లు. వచ్చినవాళ్లు చూసేది కార్డే. ఇక్కడొక చిక్కుంది. కాగితం తిప్పితే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. వెనకవైపు పేర్లని ఉన్నవి ఉన్నట్టు ఎడమ నుంచి రాసుకుపోతే వరస మొత్తం తలకిందులవుతుంది. ఆవిడకీ సంగతి బాగా తెలుసు. అందుకే కార్డు పూర్తయ్యాక ఫోటోని ఇటు తిప్పి, ఒక్కో మొహం మీద వేలు పెట్టి, కార్డులో పేరు పైకి చదివేది. వేలు ఒకచోట, పేరు ఇంకోచోట ఉంటే వెనక్కి తిప్పి సరిచూసుకునేది. ఎవరు నేర్పారని అడిగితే, నేర్పేదేముంది, మనిషిని పలకరించినట్టే గదా అనేది.

ఆరేళ్ల కిందట ఆయన పోయాడు. పొద్దున బస్‌స్టాప్‌లో క్యూలో నిలబడి, ముందున్న మనిషి భుజం మీద చెయ్యి వేశాడట. ఆ మనిషి విసుక్కుంటూ వెనక్కి తిరిగేసరికి అంతా అయిపోయింది.

పెట్టెలక్క ఏడవలేదు. రావాల్సినవాళ్లు వచ్చారు, చెప్పాల్సినవి చెప్పారు. ఆవిడ అందరికీ మంచినీళ్లిచ్చింది. చుట్టాలు ఎంత గుండె నిబ్బరమో అని మెచ్చుకున్నారు. ఆడపడుచు మాత్రం మెచ్చుకోలేదు. "రాయి. మా వదిన ఉత్త రాయి," అంది వంటింట్లో, ఆవిడకి వినబడేలాగే. ఆవిడకి వినబడింది కూడా. ఆ మాట ఎవరి గురించో అన్నట్టు గిన్నె కడుగుతూనే ఉంది. నిబ్బరమూ కాదు, రాయీ కాదు. ఒళ్లు మొద్దుబారిపోయింది, అంతే. ఆకలి వేసేది కాదు. వెయ్యడం లేదన్న సంగతి కూడా తట్టేది కాదు. అన్నం ముందుంటే తినేది, లేకపోతే లేదు.

వారం తిరక్కుండా గదికి వచ్చేసింది. ఆ ఏడాది వంతు వార్షికోత్సవాల ఫోటోలది. ముప్ఫై ఏళ్లవి, నూట నలభై మూడు. వెనక పేర్లు అంతకుముందే రాసి ఉన్నాయి, కార్డులే చెయ్యాలి. ఎనిమిది నెలల్లో అన్నీ చేసేసింది. ఒక్క రోజు సెలవు పెట్టలేదు. ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఆవిడ పేరు చెప్పి, పని అంటే ఇలా ఉండాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో ఆవిడకి పట్టలేదు.

ఆ రోజుల్లోనే దర్జీ అమ్మాయి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. తల్లి ఈ కాలేజీలో చదివిందనీ, తనకి పదకొండు నెలలప్పుడు పోయిందనీ చెప్పింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాక ఇంట్లో ఫోటోలన్నీ ఎటు పోయాయో ఎవరూ చెప్పరు. ఇప్పుడు తండ్రీ లేడు. తల్లి గోడపత్రిక కమిటీలో ఉండేదని మాత్రం ఎవరో దూరపు చుట్టం అన్నదట.

"మా అమ్మ మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు మేడమ్. చిన్నదైనా పర్లేదు. చూపిస్తారా?"

పెట్టెలక్క కార్డు తీసింది. పేరు ఉంది. నిలబడినవారిలో ఎడమ నుంచి రెండో మనిషి. ఫోటో తీసి, ఎడమ నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టి, ఇదిగో అని చూపించింది. సన్నటి ముక్కు, దిద్దినట్టున్న కనుబొమలు, పొందికైన మొహం. దర్జీ అమ్మాయి బల్ల అంచు పట్టుకుని వలవలా ఏడ్చేసింది. పెట్టెలక్క మంచినీళ్లిచ్చింది. తర్వాత స్టూడియోకి రాసి ఆ ఒక్క మొహం పెద్దది చేయించి, చేతిలో పెట్టి పంపించింది. ఎవరికో ఇంత మేలు చేశానన్న తృప్తి కూడా ఆవిడకి కలగలేదు. రిజిస్టర్లో సంతకం తీసుకుని తలుపు మూసింది.

ఆ తర్వాత ఐదేళ్లూ పోస్టర్ల వంతు, మినిట్స్ పుస్తకాల వంతు. వాటితో ఈ ఎడమా కుడీ గొడవ లేదు.

కాలేజీకి డెబ్బై ఐదేళ్లు నిండుతున్నాయని ఈ ఏడాది ప్రదర్శన పెట్టాలనుకున్నారు. సంఘాల ఫోటోలు గోడల నిండా, కింద కార్డులు. మూడు వారాల ముందు ఒక పాత విద్యార్థి చూడ్డానికి వచ్చాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, బట్టతల, గొంతు వినబడితే వరండాలో పావురాలు లేచిపోతాయి. తాడులాగే జట్టు ఫోటో చూసి, కార్డు చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏం పెట్టెలక్కా, నన్నింత పొట్టివాణ్ణి చేసేశావేంటి? కుడివైపు చివర నేనంట! వాడు మా బుడంకాయగాడు. ఇదిగో, నేనిక్కడ, ఎడమ చివర, తాడిచెట్టులా!"

ఆవిడ ఫోటో తిప్పింది. వెనక ఆయన పేరు ఎక్కడుండాలో అక్కడే ఉంది, సరిగ్గా ఆ తాడిచెట్టు తల వెనక. కార్డు మాత్రం తిరగబడింది.

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ తలుపు మూసి రెండో ఫోటో తీసింది. తిరగబడింది. మూడోది, పదోది, నలభయ్యోది. వార్షికోత్సవాల పెట్టెల్లో నూట నలభై మూడు కార్డులూ తిరగబడే ఉన్నాయి. అంతకుముందు ఏళ్లలో చేసినవి ఒక్కటీ తప్పు లేదు. ఏ వరసలోనైనా సరే నడిమధ్యన నిలబడ్డ అధ్యక్షులు మాత్రం ఎటునుంచి లెక్కపెట్టినా వాళ్ల చోటులో వాళ్లే ఉన్నారు. పెద్దవాళ్లకి ఎప్పుడూ ఏమీ కాదు. అంచుల్లో నిలబడ్డవాళ్లే తారుమారైపోయారు.

ఎలా జరిగిందో ఆవిడకి ఆలోచించే పని లేకపోయింది. ఆ ఎనిమిది నెలలూ కార్డు రాసేటప్పుడు ఒక్క ఫోటో కూడా ఇటువైపు తిప్పలేదు. బోర్లా తీసింది, బోర్లా చదివింది, బోర్లానే పెట్టెలో పెట్టేసింది. తిప్పితే మొహాలుంటాయి, మొహాల మీద ఆయన వేసిన వెలుగు ఉంటుంది. అలా అనుకుని మానేసిందా అంటే అదీ కాదు. చెయ్యి తిప్పలేదు, అంతే.

కార్డులన్నీ మళ్లీ రాయడం మొదలుపెట్టింది. గోడపత్రిక కమిటీ ఫోటో నాలుగో రోజున చేతికి వచ్చింది. వెనకవైపు ఆ పేరు ఎడమ నుంచి రెండోది. అంటే ముందువైపు కుడి నుంచి రెండోది. తిప్పి వేలు పెట్టింది.

వెడల్పాటి నుదురు. దీపం మరీ సూటిగా కొట్టిందేమో, ఒక కన్ను చికిలించి ఉంది. చెవులు రెండూ చాటల్లా బయటికి నిలబడి ఉన్నాయి. ఐదేళ్ల కిందట ఈ బల్ల అంచు పట్టుకుని ఏడ్చిన పిల్లవీ ఇవే చెవులు. జుట్టు వాటి మీదికి లాగి పిన్నులు పెట్టుకుంది ఆ రోజు, అయినా దాగలేదు. ఒక్క చూపు చాలు. ఆ ఒక్క చూపే ఆ రోజు ఆవిడ చూడలేదు. తలలు లెక్కపెట్టింది గానీ మొహాలు చూడలేదు.

లైబ్రేరియన్ గారికి చెప్పింది. వచ్చే నెల రిటైరవుతున్న మనిషి, ఏ గొడవా తన మీదుగా పోకూడదని ఆయన కోరిక.

"ఎంతమందికి ఇచ్చావమ్మా ఈ ఫోటోలు?"

"ఒక్కళ్లకే సార్."

"మరింకేం! ఆవిడ అడిగిందా? లేదు. బాధపడుతోందా? లేదు. హాయిగా దండం పెట్టుకుంటూ ఉండి ఉంటుంది. నువ్వెళ్లి ఈవిడ మీ అమ్మ కాదని చెప్తే ఏం బావుకుంటావు? నోరు మెదపకు. కార్డు మార్చెయ్, అంతే."

"ప్రదర్శనకి వస్తే?"

"ఆ ఒక్క ఫోటో పెట్టకు. పెట్టెలో ఉంచెయ్. డెబ్బై ఐదేళ్లలో ఒక గోడపత్రిక తగ్గితే ఎవడికి లోటు?"

ఆయన చెప్పినదాంట్లో చెడ్డేమీ లేదు. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. పెట్టెలక్క తల ఊపి తన గదికి వచ్చింది. గోడపత్రిక ఫోటో బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. బోర్లా తిప్పబోయి ఆగింది. ఆ చెవుల మనిషిని మళ్లీ పెట్టెలో పెట్టి మూసేస్తే, తన కూతురికి ఆవిడ ఇంకెప్పటికీ కనబడదు. తల్లి మొహం తెలియని పిల్ల కోసం ఆ మొహం ఉన్నది లోకంలో ఈ ఒక్క కాగితం మీదే. అది తెలిసిన మనిషీ ఒక్కతే.

ఆ గదిలోంచి అసలు ఫోటో ఏదీ బయటికి పోకూడదు. ఆ నియమం పెట్టిందే ఆవిడ. ఒకసారి ప్రిన్సిపాల్ గారు అడిగినా ఇవ్వలేదు. ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం అసలు ఫోటోనే రెండు అట్టల మధ్య పెట్టి, నాడా కట్టి, సంచిలో పెట్టుకుంది. ఇంకోసారి నకలు చూపించి నమ్మమని అడిగే మొహం ఆవిడకి లేదు.

దర్జీ అమ్మాయిది ఇంటి ముందుగదే కొట్టు. కుట్టుమిషను కిటికీ పక్కన, తలెత్తితే ఎదురుగా గోడ మీద చక్కటి ఫ్రేములో సన్నముక్కు ఆవిడ. సూదిలో దారం ఎక్కించడానికి తల ఎత్తినప్పుడల్లా అదే కనబడుతుంది.

"మేడమ్! మీరా! రండి, రండి," అని దర్జీ అమ్మాయి కుర్చీ మీది గుడ్డలు కిందికి తోసేసింది. "చూశారా ఎక్కడ పెట్టానో? పొద్దున లేవగానే అమ్మకి చెప్పకుండా మిషను ముట్టుకోను. మా పిల్లకి తొమ్మిదేళ్లు. బళ్లో అందరూ చాట చెవులు అని ఏడిపిస్తారంట. నావే వచ్చాయి దానికి. నాకెక్కడివో తెలీదు. మా నాన్నవి ఇలా ఉండేవి కావు, అమ్మవి చూస్తే అంత బుల్లివి! ఎవరి పోలికో ఖర్మ అని నవ్వుకుంటూ ఉంటాం."

పెట్టెలక్క కుర్చీలో కూర్చోలేదు. దారిలో ఎన్నో మాటలు కూర్చుకుని వచ్చింది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"అమ్మా, తప్పు జరిగింది. గోడ మీదున్నది మీ అమ్మ కాదు. నేను కార్డు తిరగేసి రాశాను. మీ అమ్మ ఈవిడ," అని నాడా విప్పి, ఫోటో మిషను బల్ల మీద పెట్టి, కుడి నుంచి రెండో మొహం మీద వేలు పెట్టింది.

దర్జీ అమ్మాయి వంగి చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచి, తన చెవిని పట్టుకుంది.

"ఇవి ఇక్కడివా," అంది.

తర్వాత తలెత్తి గోడకేసి చూసింది. "మరి ఈవిడెవరు?"

"ఆ పత్రికకి బొమ్మలు వేసే అమ్మాయి."

"ఉందా? పోయిందా?"

"తెలీదమ్మా."

"ఐదేళ్లు మేడమ్. నా కష్టం, సుఖం అంతా ఆవిడకి చెప్పుకున్నాను. పిల్లకి జ్వరం వస్తే ఆవిడ ముందు నిలబడి ఏడ్చాను. ఎవరో పరాయి మనిషికి! ఆవిడకి నేనెవరో కూడా తెలీదు." గొంతు పెరిగింది. "ఆ రోజు నేను మీ ఎదురుగా నిలబడ్డాను కదా. ఈ చెవులు వేసుకునే నిలబడ్డాను. ఒక్కసారి నా మొహం చూసి ఫోటో చూసుంటే చంటిపిల్లలకైనా తెలిసేది. మీ పని అదే కదా మేడమ్?"

"అవునమ్మా. అదే."

"మరెందుకు చూళ్లేదు?"

పెట్టెలక్కని ఆరేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. ఎలా ఉన్నావని అడిగారు, తిన్నావా అని అడిగారు. "మావారు పోయారు ఆ ఏడు," అంది. "ఆ లైట్లన్నీ ఆయన వేసినవే. మొహం చూస్తే మొహం మీది లైటు కనబడుతుంది. ఎవరి మొహమూ చూళ్లేదమ్మా నేను. వెనకే చూస్తూ పని చేశాను."

దర్జీ అమ్మాయి ఆవిడకేసి ఒక క్షణం చూసింది. "అయ్యో పాపం అనాలా నేను ఇప్పుడు?" అంది. "దాంతో నాకేం సంబంధం మేడమ్?"

"ఏం లేదమ్మా."

ఆ మాట న్యాయమే అనిపించింది ఆవిడకి. కాస్త నొప్పి కూడా అనిపించింది. ఎక్కడో లోపల, తిమ్మిరెక్కిన కాలిని నేలకి ఆనించినప్పటిలాగ. ఆశ్చర్యపోయి ఆ నొప్పినే గమనిస్తూ నిలబడింది.

దర్జీ అమ్మాయి ఫోటో చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. పెన్సిలు అక్షరాలు. "ఈ పేర్లు రాసింది మీరేనా?"

"నేనే. ఆయన బతికుండగా రాసినవి."

"ఇవీ తప్పేనా?"

"కాదమ్మా. వెనకంతా సరిగ్గానే ఉంది."

దర్జీ అమ్మాయి ఫోటో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎండకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. కాగితంలోంచి వెలుగు దిగి, తల్లి మొహమూ తల్లి పేరూ ఒకదాని మీద ఒకటి కనిపించాయి. ఆ అమ్మాయి ఏడుస్తోందో లేదో వెనక నుంచి తెలియలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇది పెద్దది చేయించి సోమవారం నేనే తెచ్చిస్తాను," అంది పెట్టెలక్క.

"పంపించండి ఎవరితోనైనా. మీరు రాకండి." ఒక్క క్షణం ఆగి, తిరగకుండానే, "కొన్నాళ్లు," అంది.

పెట్టెలక్క ఫోటో తీసుకుని అట్టల మధ్య పెట్టి, నాడా కట్టుకుని బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే లోపల మేకు ఊడదీస్తున్న చప్పుడు వినబడింది. కాలేజీకి తిరిగి వెళ్లి ఫోటో పెట్టెలో పెట్టి, రిజిస్టర్లో "ఒక పూట బయటికి వెళ్లింది, తిరిగి వచ్చింది" అని తన మీద తానే రాసుకుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున అన్నం తినేసింది, అంట్లు తోమేసింది, పనేమీ మిగల్లేదు. కిటికీలోంచి ఎండ మంచం దాకా వచ్చింది. బీరువా వెనక, గోడకి ఆనించి, ఆయన ఫోటో ఉంది. ఆయన పోయిన వారంలో నాటకం పిల్లలు ఫ్రేము కట్టించి తెచ్చిచ్చినది. దాన్ని మొహం గోడకి పెట్టి అక్కడ నిలబెట్టింది. వెనక అట్ట మీద మాత్రం తన అలవాటు ప్రకారం పెన్సిలుతో ఆయన పేరు, ఉద్యోగం, సంవత్సరం రాసింది. ఊడ్చేటప్పుడు ఆ వెనకవైపు రోజూ కనబడుతూనే ఉంటుంది. పెట్టె మీద చీటీలాగ.

బీరువాని కాస్త జరిపి, ఫ్రేము బయటికి తీసి, దుమ్ము తుడిచింది. మంచం మీద కూర్చుని తిప్పింది.

ఏమంత గొప్ప ఫోటో కాదు. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. చేతిలో టెస్టరు ఇంకా అలాగే ఉంది. ముప్ఫై ఏళ్లు దీపం వెనక ఉన్న మనిషి దీపం ముందు నిలబడ్డం చేతకాక రెండు కళ్లూ చికిలించి, ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ రోజు లైటు ఎవరు వేశారో, ఎడమ చెంప మీద పెద్ద నీడ పడింది. ఆయనైతే ఒప్పుకునేవాడు కాదు.

ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. అప్పుడు తనకి తెలిసిన పనే చేసింది. మొహం మీద వేలు పెట్టింది, ఆ నీడ పడ్డచోట. వేలు పెట్టాక పేరు పైకి చదవాలి.

ఆ పేరు ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. మొదటి అక్షరం దగ్గరే ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ వేలు పెట్టింది. ఈసారి మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా, పక్క వాటాలోకి వినబడేటంత గట్టిగా చదివింది. వేలు ఎక్కడుందో పేరూ అక్కడే ఉంది. సరిపోయింది. ఆ తర్వాత ఆరేళ్ల ఏడుపు ఆవిడ ఆదివారం పట్టపగలు ఏడ్చింది.